రెండు దెబ్బలంటే ఆగు

జూన్ 14, ఆదివారం

బావకి, నీ ఒక్కగానొక్క బావమరిది నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేనూ, నా కుంటికాలూ. నువ్వూ అక్కా బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే ఎత్తరు కదా, అందుకే పెన్ను పట్టాను. అయిదో క్లాసులోనే చదువుకి దణ్ణం పెట్టినవాణ్ణి, ఒత్తులు తప్పితే నవ్వుకో. నా కాలు నలిగి, నీ ఉద్యోగం పోయాక నువ్వు నవ్వడమే మానేశావట.

రోడ్డు మీద తారు పరిచే మన ముసలి మిషన్ని పాత సామాన్లవాళ్ళు లాక్కుపోయారు. కొత్తది పెళ్ళికొడుకులా ఉంది. తారు పొగంతా గొట్టంలోంచి పైకి లాగేస్తుంది. సాయంత్రం ముక్కు చీదితే నల్లగా రావట్లేదు బావా, అసలది నా ముక్కేనా అని అనుమానమొచ్చింది. వెనక పనిచేసేవాళ్ళు నిలబడ్డానికి మెట్టుంది. రెండువైపులా ఎర్రబటన్లు, ఎవరు నొక్కినా మిషను టక్కున ఆగుతుంది. పారతో ఇనుము మీద ఒకటి కొడితే పద, రెండు కొడితే ఆగు అనే మన భాషకి నూకలు చెల్లాయి.

కొనేముందు ఇంజనీరమ్మ నన్ను పిలిచి, మిషనుకి ఏమేం ఉండాలో చెప్పమంది. టీ కాచేది అయితే బాగుంటుందన్నాను. నవ్వలేదు. బటన్ ఎంత ఎత్తులో ఉంటే కిందపడ్డవాడి చేతికి అందుతుందని అడిగింది. అప్పుడు నేనూ నవ్వలేదు. మోకాలెత్తులో అన్నాను. అక్కడే పెట్టించింది.

నీ సీట్లో కూర్చునే కొత్త డ్రైవరు మంచోడే. మోత వినపడకుండా ఇద్దరం చెవులకి డిప్పలు పెట్టుకుంటాం, రూలు. మా మధ్య దూరం పది అడుగులు, రోజంతా కలిపి పది మాటలుండవు. మొన్న అతని అన్నం డబ్బాలో కంకర్రాయి పెట్టాను. తీసి పక్కన పెట్టి తినేశాడు. నువ్వైతే నా ఏడు తరాల్నీ లేపేవాడివి, అందులో మా అక్క కూడా ఉందని మర్చిపోయి. నన్ను తిట్టే మనిషే లేడు బావా.

ఇంకో మిషను వస్తోంది, దానికి డ్రైవరు కావాలి. నీ సంగతెత్తితే మేనేజరు, ఆగమన్నా ఆపనివాడు మనకొద్దు అన్నాడు.

ఇట్లు,
నీ తిట్లు తిని బలిసిన బావమరిది

తా.క. ఇది అక్కకి వినపడేలా చదువు. నా కాలు నలిగిన రోజు పొద్దున్నించీ నేను మూడుసార్లు ఊరికే రెండు దెబ్బలు కొట్టాను. మూడుసార్లూ నువ్వు ఆపి దిగొచ్చావు, నేను పళ్ళికిలించాను. నాలుగోసారి నా కాలు నిజంగానే మిషను వెనక తారు చదును చేసే పలక కింద ఇరుక్కుంది. రెండు దెబ్బలు కొడితే, ఇదీ వేళాకోళమే అనుకుని నువ్వు ఆపలేదు. ఆస్పత్రికి ఆఫీసువాళ్ళొచ్చి అడిగితే ముందు మూడుసార్ల సంగతి మింగేశాను. నా ఉద్యోగం పోతుందని నువ్వూ నోరు విప్పలేదు. నిన్న ఇంజనీరమ్మకి అంతా చెప్పి, కాయితం మీద సంతకం పెట్టాను. రేపట్నించి నన్ను రావద్దన్నారు. కొత్త మిషనుకి నీకు ఆఫీసు నించి కబురొస్తుంది, వెళ్ళు. ఒట్టు బావా, ఇది మాత్రం పరాచికం కాదు.