నేను తీసేయడం మరిచిన షరతు

పద్మారావు నగర్, సికింద్రాబాద్
ఆదివారం

నజ్మా అక్కకు నీ రజియా సలాం.

నువ్వూ బావా పిల్లలూ బాగున్నారని తలుస్తాను. అమ్మీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను. ఊరికే అంటున్న మాట కాదు, నిజంగానే బాగున్నాను. హాస్టల్ చారు మాత్రం పసుపు కలిపిన వేడినీళ్లే. వానలు పట్టుకున్నాయి, ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరడం లేదు.

ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. చెబుతూ ఏడ్చానంటే బావ ఫోన్ లాక్కుని బస్సెక్కి వచ్చెయ్ అంటాడు. అందుకే రాస్తున్నాను.

లాయర్ మేడం దగ్గర నా పని అగ్రిమెంట్లు టైపు చేయడమని నీకు తెలుసు. ప్రతిసారీ కొత్తగా ఎవరూ రాయరక్కా. పాత కాగితం తెరిచి పేర్లూ చిరునామాలూ మార్చేస్తాం. నా వేగాన్ని మేడం మెచ్చుకునేది, నాకూ కాస్త పొగరెక్కింది.

పోయిన వారం బన్సీలాల్‌పేట్ నుంచి లక్ష్మక్క వచ్చింది. ఆమె యాదగిరి తాత అనే పెద్దాయన ఇంట్లో ముందు గది కిరాయికి తీసుకుని బట్టలు కుడుతుంది. మరో ఇద్దరు ఆడవాళ్లు ఆమె దగ్గర పని చేస్తారు. వాళ్ల కిరాయి కాగితం నేనే చేశాను. దాన్ని నా బల్ల మీద పెట్టింది.

"జెర సూడమ్మా. గదిల వ్యాపారం చెయ్యొద్దని ఈ కాగితంల రాసి ఉందంట. తాత కొడుకు సదివి, నెల లోపల ఖాళీ చెయ్యమంటుండు. మిషన్లు తీస్కొని యాడికి పోవాలె?" అంది.

చూశాను. ఎనిమిదో షరతు. ఎవరో కాపురం ఉండే ఇంటికి రాసిన పాత కాగితంలోది, నేను తీసేయడం మరిచాను. కాగితం ఇంగ్లీషులో ఉంది కాబట్టి లక్ష్మక్క చదవలేదు, తాతా చదవలేదు. మేడం నా మీద నమ్మకంతో పైపైన చూసింది.

నోరు మూసుకుంటే ఆ షరతు తాతే పెట్టించాడనుకునేవారు, తప్పు నాదని తేలేది కాదు. ఆ బుద్ధి పుట్టింది కూడా, నీ దగ్గర దాచడమెందుకు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి, తినకుండానే మూసేశాను. లేచి వెళ్లి మేడంకు చెప్పేశాను. పని పోయినట్టేననుకున్నాను.

మేడం కాగితం తీసుకుని ఎనిమిదో షరతు చదివింది. తర్వాత బయట కూర్చున్న లక్ష్మక్కను పిలిచి, "గది దేనికి తీసుకుంటున్నవో ఓనర్‌కు ముందే తెలుసా?" అని అడిగింది.

"తెల్వకేంది మేడం. మిషన్లకు కొబ్బరికాయ కొట్టింది ఆయననే. ఫొటో సుత ఉంది."

"అయితే పరేషాన్ కాకు. మీరిద్దరూ అనుకున్నది ఒకటి, కాగితంల పడ్డది ఇంకొకటి. ఆయన ఒప్పుకుంటే సవరణ పత్రం రాసుకుందాం. ఒప్పుకోకుంటే కోర్టుల అడుగుదాం" అని మేడం నా వైపు తిరిగింది. "తప్పు నీదని ఆయనకు నువ్వే చెప్పాలె."

సాయంత్రం మేడం, లక్ష్మక్క, నేను తాత ఇంటికి వెళ్లాం. కొడుకు గుమ్మంలోనే, "సంతకం పెట్టినంక మాటలేంది" అన్నాడు. లోపల కూర్చున్న తాతకే చెప్పాను, తప్పు నాది, లక్ష్మక్కది కాదని.

"నేను సుత సదవకుండనే పెట్టిన. మొత్తం తెలుగుల సదువు బిడ్డా, వింట" అన్నాడు ఆయన.

మొదటి షరతు నుంచి చదివాను. ఎనిమిదోది రాగానే ఆపమన్నాడు. "గిది నేను అనలే. కుట్టుకునేటందుకే ఇచ్చిన. తీసెయ్." కొడుకు ఏదో అనబోయాడు. "మాటిచ్చింది నేను" అన్నాడు తాత, అంతే.

మర్నాడు ఆఫీసులో సవరణ పత్రం మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు. లక్ష్మక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తప్పు చేసినదాని చెయ్యి అలా పట్టుకుంటారా అక్కా? నాకింకా సిగ్గుగానే ఉంది.

మేడం నన్ను తీసేయలేదు. సంతకాలకు ముందు ప్రతి షరతూ తెలుగులో చదివి వినిపించడం ఇకపై నా పని అంది. నిన్న ఒక ముసలమ్మ ఇల్లు కిరాయికిచ్చే కాగితం కోసం మనవడితో వచ్చింది. సగం చదివేసరికి, "గిది నాకొద్దు" అని పెన్ను బల్ల మీద పెట్టేసింది. తనకు ఇష్టం లేనిది వద్దనొచ్చని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదట. ఆమె చూస్తుండగానే ఆ షరతు తీసేశాను.

బావ కిరాయికి తీసుకోబోయే కొత్త షెడ్డు కాగితం మీద సంతకం పెట్టేముందు నాకు ఫొటో పంపమను. అమ్మీకి, పెద్దమ్మకు నా సలాం. పిల్లలకు ముద్దులు. ఊరి నుంచి ఎవరైనా వస్తే నా ఉన్ని శాలువా పంపు. ఈ చలికాలం నేనిక్కడే ఉంటాను.

మీ అందరి దువా కోరే
రజియా