జీడి మరకల చేతులు

ఆదివారం, పలాస

రేపు ఆరో తరగతికి నా మొదటి పాఠం. సాయంత్రం తలుపు వెనక సుద్దముక్కతో భిన్నాలు రాసి ప్రాక్టీసు చేస్తుంటే, అమ్మ గోరింటాకు నూరి తెచ్చింది. టీచరు ఉద్యోగం వచ్చేదాకా నేనూ అమ్మతో జీడి ఫ్యాక్టరీకి వెళ్లేదాన్ని. పిక్కల తొక్క నూనెకి నల్లబడిన వేళ్లు ఇంకా తెల్లబడలేదు.

"ఆ మరకలు సూత్తే పిల్లలు నవ్వుతారే. ఎర్రగా పండితే కనబడవు, ఎట్టుకో," అంది.

పెట్టుకోనన్నాను. ఆ క్లాసులో సగం మంది అమ్మల చేతులు ఇలాగే ఉంటాయి. వాటిని నేనెందుకు కప్పాలి?

"నీకు పొగరే," అని గిన్నె అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది.

అవును, పొగరే. నా పదో తరగతిలో మార్కుల కార్డు మీద సంతకానికి పిలిస్తే, అమ్మ చేతులు కొంగులో దాచుకుని బడి గేటు బయటే నిలబడిపోయింది. లోపలికి రమ్మని నేనూ పిలవలేదు.

భిన్నాల దగ్గర ఇంకా తడబడుతున్నాను. భయంగానే ఉంది. గోరింటాకు మాత్రం గిన్నెలోనే ఎండిపోతోంది. రేపు అమ్మని క్లాసు గుమ్మం దాకా తీసుకెళ్తాను. రానంటే అందరూ చూస్తుండగా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాను.