అధిష్ఠానం ఏమంటుంది?

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పోర్టులో స్నేహితులు ఎక్కడికి రమ్మన్నా "అధిష్ఠానాన్ని అడగాలి బావా" అనేవాడివి. పార్టీల ఢిల్లీ పెద్దలకు వాడే మాటను తనకు తగిలించావని అమ్మ గరిటె చూపించేది. నువ్వెళ్లాక అమ్మ ఏదీ తేల్చి చెప్పడం మానేసింది. ఉప్మాలో అల్లం వేయాలా అని కూడా నన్నే అడిగేది.

ఇవాళ నాకు మధురవాడలో ఉద్యోగం వచ్చింది. "హాస్టల్లో ఉంటానమ్మా. అధిష్ఠానం ఏమంటుంది?" అన్నాను.

"పార్టీయే పోయాక అధిష్ఠానమేటే?"

"ఒక కార్యకర్త మిగిలింది కదమ్మా."

అమ్మ నవ్వబోయి ఆగింది. "హాస్టలూ లేదు, గీస్టలూ లేదు. మద్దిలపాలెంలో బస్సు మారి రోజూ ఇంటికొచ్చీ. అంతే."

నా హాస్టల్ పోయింది నాన్నా. సాయంత్రం అమ్మ ఉప్మా చేసింది. అల్లం సంగతి నన్నడగలేదు, నీకు వేసినంత వేసింది.