ముందే వెళ్లినవారి వరుసలో నా పేరు

కౌంటీ రికార్డుల అధికారి గారికి,

అయ్యా,

విషయం: మా అక్క మరణ ప్రకటనలో నన్ను చనిపోయినవారితో చేర్చుట – సవరణ కోరుట గురించి.

అయోవా రాష్ట్రం, బ్రెక్కెన్ ఊరు, మిల్లు వీధిలో కాపురమున్న రిటైర్డు టీచరు సోల్వీగ్ హెల్గెసన్ తమకు విన్నవించుకొనునది:

1. మా అక్క ఆర్డిస్ ఈ నెల తొమ్మిదిన కాలం చేసినది. పత్రికలో వచ్చిన ప్రకటనను తమ కార్యాలయపు పుస్తకంలో అతికించినారు. మన ప్రకటనల్లో రెండు వరుసలుండుట తమరెరిగినదే: పోయిన మనిషికన్నా ముందే వెళ్లినవారు, వెనుక మిగిలినవారు. మొదటి వరుసలో అమ్మ, నాన్న, బావగారు, వారి ఒక్కగానొక్క కొడుకు. ఆ తరువాత నేను.

2. ముప్ఫయ్యేళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదానను. ఆ మొదటి వరుసకు వాడు 'ప్రిసీడ్', అనగా ముందు వెళ్లుట, అను మాట వాడుక నాకు కొత్త కాదు. జూలై నాలుగున స్వాతంత్ర్య దినపు ఊరేగింపులో జెండా బ్యాండుకు ముందు నడుచును. ప్రార్థన భోజనానికి ముందు వచ్చును. దేనికైనా ముందు వెళ్లవలెనన్న కదలవలెను గదా! నేను వంటగది దాటి కదలలేదు.

3. పొరపాటేమోనని, అంత్యక్రియలు జరిపించు థోర్సన్ గారిని అడిగితిని. ఆయన టోపీ చేతిలో తిప్పుతూ, "ఏమనుకోకండి టీచరుగారూ, పోకముందే ఆవిడే దగ్గరుండి రాయించుకుంది. 'మీ చెల్లెలు బతికే ఉంది కదమ్మా' అన్నాను. 'నాకెప్పుడో పోయింది, నువ్వు రాయవయ్యా' అంది" అనెను. కారణం అమ్మ రొట్టెల పెనం. అమ్మ పోయాక అడక్కుండా నేను తెచ్చుకున్నాను. పంతొమ్మిదేళ్లు మాటల్లేవు. పెనం ఒకటే, పంతాలు రెండు.

4. ప్రకటన వచ్చి పన్నెండు రోజులైనది. ఈ ఊళ్లో సగంమందికి అక్షరాలు దిద్దించినదానను. "ఇదేంటి టీచరుగారూ, మీరు బతికే ఉన్నారుగా?" అని ఒక్కరైనా ఫోను చేయలేదు. ఈ సంగతి సవరణకు సంబంధించినది కాదు. అయినా రాశాను. ఇంట్లో చాలా ఒంటరిగా ఉంది.

కావున తమరు దయతో చిత్తగించి, నా పేరును రెండవ వరుసకు మార్పించ ప్రార్థన.

తమ విధేయురాలు,
సోల్వీగ్ హెల్గెసన్ (సజీవురాలు)

తా.క.: ఇదంతా నా కోసమే అడుగుతున్నానంటే అబద్ధమే అవుతుంది. ఆ రెండో వరుస ఒకసారి చూడండి. 'మిగిలినవారు: ఎవరూ లేరు' అని ఉంది. మా అక్క పోతే ఏడ్చే మనిషే లేదని ఊరంతా చదువుకుంది. ఉంది, అయ్యా. నేనున్నాను.