జడ్జిగారి జ్వరం ఎవరు తగ్గించారు?

టెనెసీ,
1938 అక్టోబరు 11.

అన్నయ్య అలోంజోకు,

నీ చెల్లెలు లువీనియా రాయునది. అమ్మ మోకాలు తప్ప ఇక్కడ అందరం కులాసా. హాలీవుడ్‌లో నువ్వూ కులాసాగా ఉన్నావనే నమ్ముతున్నాను. కానీ ఆ నమ్మకానికే ఇప్పుడు చిన్న చిక్కు వచ్చిపడింది.

సినిమాలో డాక్టరు వేషం వేశానని, ట్రే పట్టుకునే నౌకరు వేషం కాదని రాశావు కదా. అమ్మ ఆ ఉత్తరం చర్చిలో అందరి ముందూ చదివించింది. ఇరవైరెండుమందిమి ఆదివారం బట్టలు శనివారమే వేసుకుని, పక్కసందు మెట్లెక్కి, మన నల్లవాళ్ళకు విడిగా పెట్టిన బాల్కనీలో కూర్చున్నాం. సినిమా అయిపోయింది. నువ్వు రాలేదు.

ఎర్నెస్టీన్ అత్త ఊరుకుంటుందా? మెట్లు దిగుతూ, మీ డాక్టరుగారు ఏ తలుపు వెనకాల దాక్కున్నారు వదినా అని అమ్మనే అడిగింది. అమ్మ ఇంటికొచ్చి ముందుగదిలో నీ ఫొటో తీసి బీరువాలో పెట్టేసింది. వాడు అక్కడ గిన్నెలు కడుక్కుంటున్నా నాకేం సిగ్గు లేదే, అబద్ధం ఎందుకాడాలీ అంది.

నా సంగతి తెలుసుగా, ఒక పట్టాన వదలను. మళ్ళీ రెండుసార్లు వెళ్ళాను. సినిమాలో జడ్జిగారు మంచం మీద జ్వరంతో ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టు ఉంటారు. మరుక్షణం శుభ్రంగా గడ్డం గీసుకుని, బల్ల దగ్గర కోడి వేపుడు తింటుంటారు. మరి ఆ జ్వరం ఎవరు తగ్గించారు? ఎవరినడిగినా సినిమా అంటే అంతేలే అంటున్నారు. నువ్వే చెప్పు. నిజం ఏదైనా సరే, అమ్మకు నేను నచ్చజెప్పుకుంటాను.

ఎంత కోపమున్నా నీ
లువీనియా

తా.క. కవరు అంటించబోతుంటే, సినిమా హాలు ఊడ్చే పర్విస్ బాబాయి వచ్చాడు. నేను మూడుసార్లు రావడం చూసి ఉండబట్టలేకపోయాడట. మొదటి ఆటకు ముందే హాలు యజమాని సినిమా రీలులో ఒక ముక్క కత్తిరించమన్నాడట. నల్లవాడు కుర్చీలో కూర్చుని చెబుతుంటే తెల్లవాళ్ళు నిలబడి వినడం ఈ ఊళ్ళో చూపించేది లేదన్నాడట. చెత్తలో దొరికిన ఆ ముక్కను బాబాయి రుమాలులో చుట్టి తెచ్చాడు. కిటికీ వెలుగుకు పెట్టి చూశాను. గోరంత బొమ్మల్లో నువ్వే. జడ్జిగారి మణికట్టు నీ చేతిలో ఉంది.

అమ్మ చాలాసేపు చూసి, చిక్కిపోయాడు అంది. ఫొటో మళ్ళీ గోడ మీదికి వచ్చింది. వచ్చే ఆదివారం చర్చి కిటికీ దగ్గర అందరూ వరసలో నిలబడి ఆ ముక్కను చూడాలట. ఎర్నెస్టీన్ అత్తని అందరికన్నా ముందు నిలబెట్టమంది. కళ్ళజోడు మరిచిపోకుండా తెచ్చుకోమని చెప్పి రమ్మని నన్ను ఇప్పుడే పంపిస్తోంది.