మైనస్ నూట ఆరు

నవంబర్ 11, మంగళవారం

రేవు కంట్రోల్ రూమ్ రిజిస్టర్‌లో అబద్ధం రాశారు. "6వ తేదీ సాయంత్రం 4 నుంచి 6 వరకు కాల్ ఏదీ రాలేదు." నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు, కింద సంతకం. మా బావ వీరాంజనేయులు సముద్రంలో పోయింది ఆ రెండు గంటల్లోనే.

వైర్‌లెస్ సెట్ నడుముకి కట్టుకునే ఉన్నాడు. శనివారం పాలకాయతిప్ప దగ్గర ఒడ్డుకొచ్చినప్పుడు కూడా తాడు ఊడలేదు. ఆ ముడి నేనే విప్పాను. చేతిలో సెట్ ఉన్న మనిషి పిలవకుండా ఎలా ఉంటాడు?

బోటులో ఉన్న రెండో మనిషి సాయిబాబు ఇంకా దొరకలేదు. వాళ్ళమ్మ వెంకటరత్నమ్మ ఇవాళ మా గుమ్మం ముందు నిలబడి అక్క వీరదుర్గని కడిగేసింది. నీ మొగుడు తాగి పడుకున్నాడే, లేకపోతే ఒక్క కేకెయ్యడానికి నోరు పడిపోయిందా, నా కొడుకుని ముంచేసి తను మాత్రం ఒడ్డుకొచ్చాడు, నీకు చూసుకోడానికి మొహమన్నా దక్కింది, నాకేదే అంది. బావ మందు ముట్టడు. ఊరందరికీ తెలుసు. రిజిస్టర్ ఫోటో వాట్సాప్‌లో తిరిగాక ఊరందరూ మర్చిపోయారు.

రేవులో కంట్రోల్ రూమ్ ఆపరేటర్ దక్షిణామూర్తి గారు. రోజూ బందరు నుంచి బస్సులో వస్తారు. వెళ్ళి మొహం మీదే అడిగాను. స్పీకర్ ముందే కూర్చున్నానయ్యా, చీమ చిటుక్కుమన్నా వినపడేది అన్నారు.

రేపు తేలుస్తాను. నేను టెన్త్ తప్పాను. గుడివాడలో మహేష్ దగ్గర యాంటెన్నాలు బిగించే పని. రేడియో మొత్తం యూట్యూబ్‌లో చూసి, వేళ్ళు కాల్చుకుని నేర్చుకున్నాను. నాకు సొంత రిసీవర్ ఉంది, అరచేతిలో పట్టేది. గాలిలో ఏ ఛానల్ మీద ఎంత సిగ్నల్ ఉందో గీతగానూ అంకెగానూ చూపిస్తుంది. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ చిక్కిపోతున్నట్టు. ఎవరి మొహమాటానికీ అది అంకె మార్చదు.

నవంబర్ 12, ఉదయం 11

కంట్రోల్ రూమ్‌లోనే ఉండిపోయిన నా రిసీవర్‌ని సెట్ పక్కకి జరిపాను. రెండూ ఒకే యాంటెన్నా మీద. జ్ఞానయ్య మావయ్య బోటు తీశాడు. బావ దగ్గరున్నలాంటి సెట్టే ఆయన చేతికిచ్చాను. ఆగిన చోటల్లా బటన్ నొక్కి మాట్లాడమన్నాను.

ఎనిమిది కిలోమీటర్లు. మైనస్ 84. స్పీకర్‌లో మావయ్య గొంతు గదంతా నిండింది. పొద్దున తిన్న చద్దన్నం పైకొస్తందిరా అని త్రేన్చాడు. అదీ వినపడింది.

పద్నాలుగు. మైనస్ 96. స్పీకర్‌లో మాట తెగుతోంది.

ఇరవై. మైనస్ 106. స్పీకర్ మూగదైపోయింది. నా ఇయర్‌ఫోన్‌లో మాత్రం మావయ్య శుభ్రంగా తిడుతున్నాడు. ఓరి రమణా, అల ఎత్తి కొడతంది, ఇంకెంతసేపురా, ఇనపడతందా, నిద్రోయావా అని.

ఇయర్‌ఫోన్ తీసి దక్షిణామూర్తి గారి చెవిలో పెట్టాను. విన్నారు. స్పీకర్ వైపు చూశారు. మరి నాకు రావట్లేదేమిటయ్యా అన్నారు. చిన్నపిల్లాడిలా అడిగారు.

అప్పుడు సెట్ మీద, స్పీకర్ బుస ఆపే స్క్వెల్చ్ నాబ్ చూశాను.

అదే రోజు, 11.40

నాబ్ మీద ఎర్ర చుక్క ఉంది. పెట్టింది నేనే.

అదే రోజు, సాయంత్రం

రాయాలి. రాయకపోతే నేను కూడా ఆ రిజిస్టర్‌లాంటివాణ్ణే.

అక్టోబర్ తొమ్మిది. కంట్రోల్ రూమ్ సెట్ బిగించడానికి వెళ్ళాను. చుట్టూ రొయ్యల చెరువులు, నీళ్ళు చిలికే ఏరేటర్ల మోటార్లు. వాటి గోలంతా స్పీకర్‌లో బుసబుస. బాబ్బాబు, తల పగిలిపోతోంది, బీపీ మనిషిని, ఈ బుస ఆపి పుణ్యం కట్టుకో అని దక్షిణామూర్తి గారు బతిమాలారు. బుస ఆగేదాకా స్క్వెల్చ్ బిగించాను. బుసతోపాటు సన్నటి సిగ్నల్ కూడా ఆగిపోతుందని నాకు తెలుసు. ఎంత ఆగుతుందో కొలవలేదు. కొలిచే సాధనం జేబులోనే ఉంది. ఎవరూ కదపకుండా నాబ్ మీద నెయిల్ పాలిష్ చుక్క వేశాను. మా పనివాళ్ళందరం వేస్తాం. అది అక్క పాలిష్.

టెస్ట్ చేసింది బావతోనే. రేవు గట్టు మీద నిలబడి నొక్కాడు. నలభై అడుగుల దూరం. బెమ్మాండంగా ఉందిరా, నడిసంద్రంలో నేను తుమ్మినా ఇక్కడ చిరంజీవ అంటారు అని నవ్వాడు. నేను ఓకే అని రాసి సంతకం పెట్టాను.

నవంబర్ 13, ఉదయం

రిసీవర్‌లో మెమరీ కార్డు నిండిపోయి ఉంది. ఆ బుస ఎక్కణ్ణుంచి వస్తోందో చూద్దామని నాలుగో తేదీన కంట్రోల్ రూమ్ మూలన అదే యాంటెన్నాకి కలిపి పెట్టి రికార్డింగ్ ఆన్ చేశాను. రెండు రోజులకని. బావ పోయాక ఆపడమే మర్చిపోయాను. 6వ తేదీ అందులో ఉంది.

4.12. మైనస్ 105. రేవూ, రేవూ, ఈరాంజనేయుల్ని, ఇంజనాగిపోయింది, నీళ్ళెక్కుతన్నాయి, ఇద్దరం ఉన్నాం అంటున్నాడు.

4.19. మైనస్ 107. దక్షిణామూర్తి గారూ, ఉన్నారా అండీ, కాస్త పలకండీ అంటున్నాడు. అప్పుడు కూడా అండీ.

4.31. మైనస్ 106. రేవుతో మాట్లాడటం లేదు. బటన్ మీద వేలుంచి సాయిబాబుకి ధైర్యం చెబుతున్నాడు. మా రమణ బిగించాడ్రా, పని చెయ్యకపోవడమేంటి, వాళ్ళు వింటానే ఉంటారు అంటున్నాడు. తర్వాత పదకొండు సెకన్లు మాట లేదు. సిగ్నల్ మాత్రం ఉంది. తెర మీద సన్నటి తిన్నటి గీత.

తర్వాత గీత లేదు.

నవంబర్ 13, మధ్యాహ్నం

మహేష్‌కి పొద్దున అంతా మెసేజ్ పెట్టాను. ఫోన్ చేశాడు. కార్డు తుడిచెయ్యరా, ఆ చుక్క నీ మెడకే చుట్టుకుంటుంది, నీతోపాటు నన్నూ లాగుతావు, పోయినోడు తిరిగొస్తాడా అన్నాడు. బూతు తిట్టి పెట్టేశాను. ఆ మాట నా నోట్లోనూ పొద్దుటి నుంచీ ఉంది. అందుకే అంత గట్టిగా తిట్టాను.

అక్కకి చెప్పాను. ముందు నాబ్ సంగతి, తర్వాత రికార్డింగ్. చెయ్యి చాపింది. ఇయర్‌ఫోన్ ఇచ్చాను. మూడూ వింది. మూడోది మళ్ళీ పెట్టమంది. మళ్ళీ. ఏడవలేదు. కొడుతుందనుకున్నాను. కొడితే బావుండేది.

చివరికి అంది. ఆయన పిలిచాడని వెంకటరత్నమ్మ పెద్దమ్మ చెవిన వెయ్యి. ఎందుకు వినపడలేదో కూడా చెప్పు. సగం చెప్పి ఊరుకున్నావంటే నా గుమ్మం తొక్కకు.

రమణా అని పిలవలేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా పిలవలేదు.

నవంబర్ 14

ఉదయం దక్షిణామూర్తి గారి బల్ల మీద పెట్టి వచ్చిన కాగితం, నకలు:

"కాల్ రాలేదు" అన్న లైను కొట్టెయ్యండి. కింద ఇది రాయండి. 6వ తేదీ సాయంత్రం 4.12కి, 4.19కి, 4.31కి వీరాంజనేయులు పిలిచాడు. సాయిబాబు అప్పటికి బతికే ఉన్నాడు. మన స్పీకర్ తెరుచుకోలేదు. దాని స్క్వెల్చ్ బిగించినవాడు వెంకటరమణ. నా పేరు తీసెయ్యొద్దు. మీ సంతకం రేపు సాయంత్రం నాలుగింటి లోపు కావాలి. ఆ పేజీ వెంకటరత్నమ్మ పెద్దమ్మకి చూపించి అంతా నేనే చెప్పాలి. ఎల్లుండి పెద్దకర్మ.