సుజాత పెట్టించిన వెంటిలేటర్

ఏప్రిల్ 21, మంగళవారం

హాల్లో ఏసీ పెట్టించుకుందామని సాయంత్రం మెకానిక్ యాదగిరిని పిలిచాను. గోడ పైనున్న వెంటిలేటర్ చూసి పెదవి విరిచాడు.

“గిది తెరిచుంటే చల్లదనమంతా బయటికే పోతది సార్. రేపొచ్చి బంద్ జేస్త.”

సరేనన్నాను. అది నా భార్య సుజాత పట్టుబట్టి పెట్టించింది. ఇళ్లలో గాలి నడిచే తీరును మనుషులు ఎలా పరిశోధిస్తూ వచ్చారన్నదే ఆమె థీసిస్. మొదట పొగ వదిలి చూసేవారట. తర్వాత నీటి తొట్టెలో ఇంటి నమూనా ముంచి, రంగునీళ్లు వదిలేవారట. ఇప్పుడన్నీ కంప్యూటర్లే. “నాకు అగరుబత్తి చాలండీ,” అంటూ అది పట్టుకుని గదులన్నీ తిరిగేది. పొగ వెళ్లే దారిని ఇంటి ప్లాన్ మీద బాణం గుర్తులతో గీసేది.

వెళ్లబోతూ యాదగిరి ఆగాడు.

“కిటికీలన్నీ మూసిండ్రేంది సార్? ఊపిరాడ్తలేదు.”

“ఆవిడ ఫొటో ముందు దీపం ఆరిపోతుందని.”

అన్నాక గానీ నాకు తట్టలేదు. గాలి గురించే చదివిన మనిషి దగ్గరికి ఎనిమిది నెలలుగా గాలి రానివ్వలేదు.

అతను వెళ్లాక కిటికీ తెరిచాను. మదీనాగూడ ట్రాఫిక్ మోతతో పాటు గాలీ వచ్చింది. దీపం ఆరిపోయింది. మళ్లీ వెలిగించలేదు, అగరుబత్తి ముట్టించాను. పొగ కాసేపు ఫొటో దగ్గరే తచ్చాడి, వెంటిలేటర్ వైపు వంగి బయటికి వెళ్లిపోయింది. ఆమె గీసిన బాణం గుర్తు దారినే.

రేపు రావద్దని యాదగిరికి ఫోన్ చేశాను.

“ఎండలు ముదురుతున్నయ్ సార్, జర ఆలోచించుండ్రి.”

మే నెలలో ఏం చేస్తానో తెలియదు. ఇప్పుడు మాత్రం రాస్తుంటే ఈ పేజీ అంచు లేస్తోంది. చేత్తో అదిమి పెట్టడం లేదు.